అనని మాట ఎలా వినపడుతుంది?

ప్రశ్న: నేను మాటను మాటగానే తీసుకుంటాను. అదే నా తంటా. మొన్న ఆఫీసు మీటింగులో అందరి ముందు మా మేనేజరు "ఆ రిపోర్టు ఇంకోసారి చూసుకుంటే బాగుంటుందేమో" అన్నారు. వీలు చూసుకుని చూద్దాంలే అనుకున్నాను. మర్నాడు "ఇంకా సరిచెయ్యలేదా?" అని మొహం చిట్లించారు. మా ఆడపడుచు ఫోన్ చేసి "ఆదివారం ఖాళీయేనా వదినా?" అంటే "ఖాళీయే" అన్నాను. ఆ రోజంతా వాళ్ళ ఇల్లు సర్దడంతోనే సరిపోయింది. మావారేమో "అది కూడా విడమరిచి చెప్పాలా?" అంటారు. సరే, అర్థం చేసుకోవడం నేర్చుకుందామనుకుంటే ఇంకో చిక్కు. నా స్నేహితురాలు మెసేజ్‌లో "సరేలే" అని ఒక్క ముక్క పెట్టింది. నామీద కోపం వచ్చిందేమోనని ఆ రాత్రి కన్ను మూతపడలేదు. అవతలివాళ్ళు అననిది జనానికి ఎలా తెలుస్తుంది? ఇది నేర్చుకుంటే వచ్చేదేనా? (పేరు వద్దన్న పాఠకురాలు)

సమాధానం: నేర్చుకుంటే వస్తుంది. ఎదుటివాళ్ళ మనసులోకి ఎవరూ తొంగిచూడటం లేదు. అందరూ ఒక లెక్క వేస్తున్నారు. చిన్నప్పటినుంచీ అలవాటైపోవడంతో లెక్క వేస్తున్నామన్న సంగతే వాళ్ళకు తెలియదు. అందుకే ఎలా తెలిసిందని అడిగితే "ఏమో, అలా తెలిసిపోతుంది" అంటారు తప్ప చెప్పలేరు. మీకూ ఆ లెక్క వచ్చు. "సరేలే" అన్న మూడక్షరాల మీద రాత్రంతా వేసింది అదే. ఒకచోట అసలు మొదలుపెట్టడం లేదు, ఇంకోచోట ఆపడం లేదు, అంతే తేడా.

లెక్క ఎక్కడ మొదలవుతుందో చూపడానికి మన మీమాంసకులు (వేదవాక్యాలకు అర్థం తేల్చే పాతకాలపు తాత్వికులు) వాడిన పాత వాక్యం కంటే మంచి ఉదాహరణ లేదు: "లావుపాటి దేవదత్తుడు పగలు భోంచెయ్యడు." వినగానే "అయితే రాత్రి తింటున్నాడన్నమాట" అని తడుతుంది. రాత్రి అనే మాట ఆ వాక్యంలో లేదు. కానీ లావుగా ఉండటానికీ తినకపోవడానికీ పొసగదు. ఆ రెంటినీ పొసగించే మూడో సంగతిని మనమే తెచ్చుకున్నాం. దీన్ని అర్థాపత్తి అన్నారు. రోజువారీ మాటల్లో వినేవాళ్ళు చేసే పని ముక్కాలు వంతు ఇదే. ముందు పొసగని చోటు కంటపడాలి, తరవాత దాన్ని పూడ్చే సంగతి వెతకాలి.

పొసగని చోటు కంటపడాలంటే మామూలుగా మాట ఎలా ఉండాలో ఒక అంచనా కావాలి. పాల్ గ్రైస్ అనే తత్వవేత్త 1967లో హార్వర్డ్ ఉపన్యాసాల్లో ఈ అంచనాను విడదీసి చూపించాడు. అందులో ముఖ్యభాగం 1975లో అచ్చయింది. అవతలి మనిషి కావలసినంత చెబుతాడు, అంతకు మించి చెప్పడు, నిజమనుకున్నదే చెబుతాడు, సందర్భానికి అతికేదే చెబుతాడు, తేటగా చెబుతాడు. ఇవి మనుషులు ఎప్పుడూ పాటించే నియమాలని ఆయన అనలేదు. వినేవాడు వీటిని నమ్ముకుని కూర్చుంటాడు కాబట్టి, ఒకటి తప్పినట్టు కనిపించగానే "ఎందుకు తప్పింది?" అని వెతుకుతాడు. "నా వ్యాసం ఎలా ఉంది?" అని అడిగితే "చేతిరాత ముత్యాల్లా ఉంది" అని జవాబొచ్చిందనుకోండి. చేతిరాత గురించి ఆ మాట నిజమే కావచ్చు. అడిగినదానికి మాత్రం అది జవాబు కాదు. వ్యాసం గురించి చెప్పడానికి మంచిమాట దొరకలేదని ఆ పక్కకు జరగడమే చెప్పేసింది.

కాబట్టి మీరు పట్టుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇదే సంగతిని ఇంతకంటే సూటిగా ఎలా అనొచ్చు, మరి ఎందుకు అనలేదు? "దీని వెనక ఏముంది?" అని అడుగుతూ కూర్చుంటే మాత్రం మనసు నానా దిక్కులకూ పోతుంది.

మీ మేనేజరు మాటను ఈ ప్రశ్నతో దగ్గరగా చూద్దాం. సూటిగా అంటే "రిపోర్టులో తప్పులున్నాయి, సరిచెయ్యండి" అనాలి. ఆయన అన్నదాంట్లో "మీరు" లేదు, చూసుకోవలసినది ఎవరో చెప్పలేదు. "చూసుకోండి" బదులు "చూసుకుంటే" అని షరతుగా పెట్టారు. "బాగుంటుంది" దగ్గర ఆగకుండా "ఏమో" తగిలించారు. ఒక్క వాక్యానికి మూడు మెత్తలు. రిపోర్టు బాగానే ఉంటే దాని ఊసెత్తడానికే కారణం లేదు. ఊసెత్తి ఇన్ని మెత్తలు వేశారంటే చెప్పదలుచుకున్నది గట్టిదే. పెనెలొపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో మర్యాద మీద రాసిన పెద్ద పరిశోధనలో మెత్తదనాన్ని పెంచేవి మూడన్నారు: ఇద్దరి మధ్య ఉన్న దూరం, ఎవరి చెయ్యి పైన ఉందన్నది, అడుగుతున్న పని బరువు. పై అధికారికి తన కింద పనిచేసేవాళ్ళతో ఇంత మెత్తగా మాట్లాడాల్సిన అవసరం మామూలుగా ఉండదు. మరి ఆ మెత్తలు ఎవరికోసం? మీ ఉత్తరంలోనే ఉంది జవాబు, "అందరి ముందు" అన్నారు. మీ పరువు పోకూడదని మాటను మెత్తబరిచారని అనుకోవడమే అన్నిటికంటే బాగా అతుకుతుంది. మీరు ఆ మెత్తదనాన్ని బట్టి పనే తేలికైనదనుకున్నారు. అక్కడ జారింది లెక్క.

చుట్టూ ఎవరున్నారన్నది అర్థాన్ని మారుస్తుందని మన ఆలంకారికులకు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్ళకు, బాగా తెలుసు. మాటల్లోంచి అనని అర్థం పలకడాన్ని తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వని అన్నాడు. పదకొండో శతాబ్దంలో మమ్మటుడు కావ్యప్రకాశంలో ఆ అర్థం వేటిమీద ఆధారపడుతుందో వరసగా చెప్పాడు: చెప్పేవారు, వినేవారు, గొంతులో విరుపు (దాన్ని కాకువు అన్నాడు), వాక్యం, దాని పైపై అర్థం, పక్కనున్న మూడో మనిషి, ప్రస్తావన, చోటు, వేళ. ఆయన ఇచ్చిన ఉదాహరణే "సూర్యుడు అస్తమించాడు" అన్న మాట. సేనానికి అది శత్రువు మీద పడమన్న కబురు, కూలికి పని చాలించమన్న మాట, పశువుల కాపరికి ఆవుల్ని ఇంటికి తోలమన్న హెచ్చరిక. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు. ఈ చిట్టాను కవిత్వానికే వదిలెయ్యకండి. ఏదైనా మాట కొరుకుడు పడనప్పుడు ఒక్కొక్కటే వేలు మడిచి చూడండి. ఎక్కువమంది వదిలేసేది మూడో మనిషిని. ఇద్దరే ఉన్నప్పుడు మొహంమీదే చెప్పే మనిషి నలుగురిలో డొంకతిరుగుడుగా మాట్లాడితే, ఆ డొంక తిరుగుడు ఆ నలుగురి కోసమే కావచ్చు.

తెలుగులో ఇంకో సౌకర్యం ఉంది. అననిదాన్ని మోసే సామగ్రి మాట చివర అతుక్కునే చిన్న ముక్కల్లో దొరుకుతుంది. పెద్ద మాటలను వదిలి వీటిమీద చెవి పెట్టండి. "పని చేశాడు" అంటే చేశాడు. "పనైతే చేశాడు" అంటే పక్కన ఇంకేదో చెయ్యలేదు, లేదా చేసిన తీరు నచ్చలేదు; వినేవాడి మనసు అప్పటికే "కానీ..." దగ్గరికి వెళ్ళిపోతుంది. "బాగుంది" మెచ్చుకోలు. "బాగానే ఉంది" అంటే ఆ మెచ్చుకోలును సగానికి కోశారు. "వచ్చాడు" అన్నవారు ఆ సంగతికి తమ పూచీ పెడుతున్నారు, "వచ్చాడట" అన్నవారు పెట్టడం లేదు. "నువ్వు వస్తున్నావా?" మామూలు ప్రశ్న. "నువ్వూ వస్తున్నావా?" అంటే వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు, మొదటి మాట మీద ఊనిక పడితే నువ్వు వస్తావనుకోలేదన్న ఆశ్చర్యం కూడా. "ఇప్పటికైనా వచ్చావు" అన్నదాంట్లో ముందే రావలసిందన్న దెప్పు ఉంది.

ఇలా వినపడే అనని సంగతుల్లో రెండు రకాలున్నాయి, కలిపెయ్యకండి. "కొన్ని ఫైళ్ళు చూశాను" అంటే అన్నీ చూడలేదని వింటాం. కానీ ఆ మనిషే "కొన్నేంటి, అన్నీ చూసేశాను" అని పొడిగిస్తే మాటకు మాట అడ్డం రాదు, మన ఊహ మర్యాదగా తప్పుకుంటుంది. గ్రైస్ చెప్పిన ఊహలకు గుర్తే ఇది, వాటిని వెనక్కి తీసుకోవచ్చు. "మళ్ళీ ఆలస్యమైందా?" సంగతి వేరు. మీరు "లేదు" అన్నా సరే, ఇదివరకు ఒకసారి ఆలస్యమైందన్నది అక్కడే కూర్చుంటుంది. "మళ్ళీ" దాన్ని ప్రశ్నలోకి ముందే మోసుకొచ్చింది. మీ మేనేజరు మర్నాడు అన్న "ఇంకా సరిచెయ్యలేదా?" కూడా ఈ రెండో రకమే, ఈపాటికి అయిపోయి ఉండాలన్న లెక్క "ఇంకా"లో ఉంది. మొదటి రకాన్ని ఊహగా పట్టుకోండి, ఎప్పుడైనా వదిలెయ్యడానికి సిద్ధంగా. రెండో రకాన్ని దాదాపు చెప్పిన మాటగానే లెక్కవెయ్యండి. అది తప్పైతే "లేదు" అని ఊరుకోకండి, "ఇదివరకు ఆలస్యం కాలేదు కదా" అని పేరుపెట్టి చెప్పండి.

ఇక "ఖాళీయేనా వదినా?" ఇది అసలు ప్రశ్నకు ముందు వచ్చే ప్రశ్న. ఏదో అడగబోతూ, కాదనిపించుకోకుండా ముందు దారి తడుముకుంటారు. ఫోన్ చేసి మీ ఆదివారం గురించి ఊరికే తెలుసుకోవలసిన పని ఎవరికీ ఉండదు కదా. పైగా "ఖాళీగా ఉన్నావా?" అనకుండా "ఖాళీయేనా?" అన్నారు, ఆ "ఏ" అవుననే జవాబును ముందే పట్టుకొచ్చింది. ఇలాంటి ప్రశ్నకు "ఖాళీయే" అని ఊరుకుంటే తరవాత రాబోయే పనికి మీరు సగం ఒప్పుకున్నట్టే, అప్పుడు కాదనడం మొహమాటం. "లేదు" అని అబద్ధమాడనూ అక్కర్లేదు. రెండు పొరలకూ ఒకేసారి జవాబివ్వండి: "ఇంకా ఏమీ అనుకోలేదు, ఎందుకమ్మా, ఏంటి సంగతి?" పైపొరకు నిజం, లోపొరకు ఆహ్వానం. మామూలు సంభాషణలో జనం చేసేది ఇదే. 1979లో హెర్బర్ట్ క్లార్క్ ప్రచురించిన అధ్యయనంలో దుకాణాలకు ఫోన్ చేయించి "మీరు ఏడులోపు మూసేస్తారా?" అని అడిగించారు. అవును, కాదుతో సరిపెట్టకుండా ఎన్నింటికి మూస్తారో కూడా చెప్పినవాళ్ళున్నారు. అడగని ప్రశ్నకు కూడా జవాబిచ్చారు.

కొన్నిసార్లు జవాబులో మాటకంటే ముందు వచ్చే ఖాళీయే ఎక్కువ చెబుతుంది. అవును-కాదు ప్రశ్నలకు జవాబు రావడానికి పట్టే వ్యవధిని పది భాషల్లో కొలిచి 2009లో ప్రచురించారు. సగటు సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో అయిదో వంతు. ఆ వేగానికి అలవాటు పడ్డ చెవికి ఒక సెకను మౌనం చాలా పొడుగు. "సాయంత్రం రాగలరా?" అన్నాక సెకను ఆగి, "ఆఁ..." అని సాగదీసి, "చూద్దాం" అంటే ఆ వాక్యంలో కాదన్న మాట లేకపోయినా కాదన్నట్టే. ఒప్పుకోలు త్వరగా, పొట్టిగా వస్తుంది. కాదనడం ఆలస్యంగా, సాగుతూ, కారణాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. ఆ ఖాళీ వినపడగానే అవతలివాళ్ళకు దారి ఇవ్వండి, "కుదరకపోతే ఇంకో రోజు పెట్టుకుందాం" అని. ఊపిరి పీల్చుకుని అసలు సంగతి చెబుతారు. అయితే ఫోన్‌లో, వీడియో కాల్‌లో ఈ కొలత నమ్మకండి. లైను ఆలస్యంగా మోసుకొచ్చిన మాట కూడా తటపటాయింపులాగే వినపడుతుంది. తన భాష కాని భాషలో మాట్లాడేవారు, పని చేసుకుంటూ మాట్లాడేవారు కూడా ఆలస్యంగానే జవాబిస్తారు.

మీవారు "అది కూడా విడమరిచి చెప్పాలా?" అంటారన్నారు. చెప్పాలి. చెప్పేవాళ్ళ వైపు ఉండే లోపాన్ని చూపే ప్రయోగం ఒకటుంది. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ తన పరిశోధనలో కొందరిని తెలిసిన పాటల వరసలను బల్లమీద వేలితో కొట్టమంది. వినేవాళ్ళు సగం పాటలైనా పోల్చుకుంటారని కొట్టినవాళ్ళ అంచనా. 120 పాటల్లో పోల్చుకున్నది మూడు. కొట్టేవాళ్ళ బుర్రలో పాట మొత్తం మోగుతూ ఉంది, అవతలికి చేరింది టకటకలే. దగ్గరివాళ్ళ మధ్య ఇది తగ్గుతుందని మనమంతా అనుకుంటాం. కెనెత్ సావిట్‌స్కీ బృందం 2011లో భార్యాభర్తలకూ కొత్తవాళ్ళకూ అవే గుంభనమైన వాక్యాలు వినిపించి చూసింది. భార్యాభర్తల ఊహలు కొత్తవాళ్ళ ఊహలకంటే మెరుగ్గా లేవు, అర్థమయ్యే ఉంటుందన్న ధీమా మాత్రం ఎక్కువ. ఇది మీవారిని దెప్పడానికి వాడకండి; మీరు మాట్లాడేటప్పుడు మీ బుర్రలోనూ ఆ పాట మోగుతూనే ఉంటుంది. పని, వేళ, ఎవరు చెయ్యాలి, ఈ మూడు ఇద్దరూ నోటితోనే అనుకుంటే చాలు. అలకలు, సరదాలు, మురిపాలు ధ్వనికి వదిలెయ్యొచ్చు.

ఊహ కుదిరాక దాన్ని తనిఖీ చెయ్యడంలోనే నేర్పు ఉంది. "అంటే ఏంటి మీ ఉద్దేశం?" అని అడగకండి. అది నిలదీసినట్టుంటుంది, కాపాడుకున్న పరువు కాస్తా పోతుంది. మీ ఊహను మీరు చెయ్యబోయే పనిగా మార్చి, అంకెలతో, వేళతో చెప్పండి. మీటింగు అయ్యాక, మేనేజరు ఒక్కరే ఉన్నప్పుడు: "మూడో పేజీలో అంకెలు సరిచూసి సాయంత్రం నాలుగింటికి పంపిస్తానండీ." ఊహ సరైతే తల ఊపుతారు. కాకపోతే "మూడోది కాదు, ముగింపు మార్చాలి" అనో "తొందరేం లేదు" అనో అంటారు. ఇంకోరకంగా దిద్దే అవకాశం వారికి ఖర్చు లేకుండా దొరికింది. ఈ వాక్యంలో పని పేరు, చోటు, గడువు మూడూ ఉండాలి. ఒకటి వదిలితే తల ఊపడానికి అర్థం పోతుంది, ఇద్దరూ వేరువేరు పనులకు తల ఊపి వెళ్ళిపోతారు.

చివరిగా మీ నిద్ర చెడగొట్టిన "సరేలే". ఇక్కడ లెక్క మొదలవడం సరిగానే మొదలైంది, "సరే" అంటే సరిపోయేదానికి "లే" ఎందుకన్నారు అని. కానీ "లే" మోసేది కోపాన్ని కాదు. "వస్తాలే", "పోనీలే", "ఏం కాదులే" అన్నింటిలోనూ అది చేసే పని ఒక్కటే, విషయాన్ని ముగించడం. ముగించడం ఎందుకన్నది మూడు రకాలు కావచ్చు: మిమ్మల్ని ఊరడించడానికి, విసుగొచ్చి, లేదా అవతల కుక్కర్ కూతపెడుతుంటే ఫోన్ పక్కన పెట్టడానికి. గొంతు ఉంటే విరుపును బట్టి తేలేది. రాతలో గొంతు ఉండదు. జస్టిన్ క్రూగర్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో ఈమెయిలు పంపినవాళ్ళు తాము ఎత్తిపొడుపుగా అన్నదీ మనస్ఫూర్తిగా అన్నదీ చదివేవాళ్ళు నూటికి 78 సార్లు సరిగ్గా పోల్చుకుంటారనుకున్నారు. పోల్చుకున్నది 56 సార్లు. బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది. గొంతులో విన్నవాళ్ళు 73 దాకా వచ్చారు.

అందుకని రాతలో ఒక్క ముక్కను ఒంటరిగా తూచకండి, ఆ మనిషి మామూలు తీరుతో తూచండి. ఆవిడ పాత మెసేజ్‌లు పైకి జరిపి ఓ ఇరవై జవాబులు చూడండి. "సరేలే" అక్కడక్కడా కనిపిస్తే అది ఆవిడ అలవాటు, ఈసారి కొత్తగా చెప్పిందేం లేదు. ఎప్పుడూ పది వాక్యాలు రాసే మనిషి ఆ ఒక్కసారే ముక్కతో సరిపెడితే అప్పుడు పట్టించుకోవచ్చు. పట్టించుకునేటప్పుడు కనీసం మూడు కారణాలు రాయండి, వాటిలో ఒకటి మీతో ఏ సంబంధమూ లేనిదై ఉండాలి. బెంగలో ఉన్నప్పుడు మొదట తట్టే కారణం ఎప్పుడూ మనమే. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకోవడం అంటే అదే. అర్ధరాత్రి ఈ లెక్క అస్సలు వెయ్యకండి.

పొద్దున్నే ఆవిడకు "కోపమొచ్చిందా?" అని రాయకండి. కోపం లేకపోతే కొత్తగా వస్తుంది, ఉంటే "లేదులే" అంటుంది. మీ ఇద్దరి మధ్య ఆగిపోయిన సంగతినే మళ్ళీ అందుకోండి: "నిన్న మనం అనుకున్నదానికి శనివారం నీకు ఇబ్బందైతే ఆదివారం చేద్దాం, ఏదంటావు?" ఆవిడ రోజు ఎంచుకుని నాలుగు ముక్కలు రాస్తే అక్కడితో వదిలెయ్యండి. మళ్ళీ "సరేలే" వస్తే మెసేజ్‌లు ఆపి ఫోన్ చెయ్యండి.